నాలుగో కాలు

మా పాలకొల్లులో లాకు అంటే
ఆపేది కాదు.
ఒక తలుపు మూసి ఇంకో తలుపు తెరిచేలోగా
ఎగువ నీరూ దిగువ నీరూ ఒక ఎత్తుకి వచ్చేదాకా
పడవని ఒళ్ళో కూచోబెట్టుకునే గది.
కడలి అచ్యుతం గారి నాన్న అక్కడ లస్కరు.
గేటు చక్రం తిప్పీ తిప్పీ
ఆయన అరచేతులు కొబ్బరి డొక్కల్లా ఉండేవిట.

కొడుక్కి టీవీ రిపేరు షాపు,
కాలవ గట్టున, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని.
తొంభై నాలుగు వానల్లో ఓ సాయంత్రం
అమ్మా, కరుణా, నేనూ
ఆయన బల్లమీద ఒక బూడిదరంగు పెట్టె దింపాం.
సువార్త పిన్ని కువైట్ నుంచి పంపిన వీడియో గేము.
ఆ ఇంటి పిల్లలు అమెరికాలో కొనుక్కుని
విసుగెత్తి మెట్లకింద పారేసింది.
గేము క్యాసెట్టు మాత్రం పిన్ని కొన్నదే,
రెండు శుక్రవారాల సెలవు అమ్ముకుని.

పెడితే, ఎర్రదీపం.
సెకనుకోసారి ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది.
ఊదాం. తుడిచాం. కరుణ ప్రార్థన కూడా చేసింది.

అచ్యుతం గారు మరలు విప్పి
నల్లగా, జెర్రిపోతులా కాళ్ళున్న చిప్పు ఒకటి చూపించారు.
"వీడు గుమస్తా. క్యాసెట్టులో వీడి జోడీ ఇంకోడు.
ఇద్దరూ ఒకే ఎక్కం లోలోపల అప్పజెప్పుకోవాలి.
ఒక్క అంకె తప్పిందా, మళ్ళీ మొదటికి తోసేస్తాడు.
పెట్టెది అమెరికా ఎక్కం, క్యాసెట్టుది ఐరోపా ఎక్కం."
చెడిపోయిందాండీ అన్నాను.
"చెడిపోతే బాగు చేద్దునురా.
ఇది బాగానే ఉంది. వద్దంటోంది, అంతే."

అమ్మ అప్పుడు, ఎవర్ని అడిగిందో గానీ,
"చెల్లి పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉందంట.
అదీ ఇలాంటిదేనా?"
సోల్డరు ఇనుము వేడెక్కుతున్న చప్పుడు తప్ప
షాపులో ఏమీ లేదు.

ఆయన అమ్మ చీర కుచ్చిళ్ళ పిన్నీసు అడిగి పుచ్చుకుని
ఎడమనుంచి లెక్కపెట్టి
నాలుగో కాలు వెంట్రుకవాసి పైకి లేపారు.
"ఆయ్, అయిపోయింది.
ఇంక ఈ తాళం తనే తాళంచెవి అనుకుంటుంది.
ఎవర్నీ ఏమీ అడగదు."

దీపం నిలిచింది.
కలరు టీవీలో బొమ్మ మాత్రం
కలుజు మీంచి జారే నీళ్ళలా
పైనుంచి కిందికి, పైనుంచి కిందికి.
ఆయన లేచి, మూలన ఎవరో బాగుచేయించుకుని
తీసుకెళ్ళడం మరిచిన నలుపు తెలుపు టీవీ మీద
గోనెపట్టా లాగేశారు.
వెనక చెయ్యిపెట్టి మర తిప్పారు,
చూడకుండా, చెవితో వింటున్నట్టు, కొంచెం కొంచెం,
నాన్న చక్రం తిప్పినట్టే.
రెండు నీళ్ళూ కలిశాయి. బొమ్మ నిలబడింది.
"రంగున్నవాటికేనమ్మా తగువులన్నీ."

బొమ్మ వచ్చింది, చప్పుడు రాలేదు.
చప్పుడొచ్చే దారి వేరట. కాయిలు మార్చాలట, బుధవారం రమ్మన్నారు.
మాకు బుధవారం దాకా ఓపికెక్కడిది?
పెట్టెతోపాటు వచ్చిన ఇంకో క్యాసెట్టుంది,
పిన్ని మాటలది. కరుణ దాన్ని
ఆయన టేప్‌రికార్డరులో పెట్టి మీట నొక్కింది.

తెరమీద టోపీ కుర్రాడు గోడ దూకుతున్నాడు.
పిన్ని చెబుతోంది: ఇక్కడ కుళాయి తిప్పితే
పగలంతా మరిగిన నీళ్ళే. కరుణ గౌను పొడుగు రాయండి.
అక్కా, నీ మోకాలు ఎలాగుంది?
కుర్రాడు నాణెం అందుకున్నాడు.
రొయ్యలు ఇక్కడా దొరుకుతాయి, రుచి లేదు.
ఎక్కడో తలుపు శబ్దం. పిన్ని గొంతు తగ్గింది.
కుర్రాడు గోతిలో పడ్డాడు, నా చేతే జారింది.
ఈ టేపుని ఏ దేశం దానివని
ఏ పెట్టే అడగలేదు.

అచ్యుతం గారు డబ్బు పుచ్చుకోలేదు.
పిన్నీసు తిరిగివ్వడం మరిచిపోయారు.
కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని
ఆ చీకట్లో అమ్మ లాకుల వంతెన దాటింది.
కింద ఒక ధాన్యప్పడవ, తలుపుల మధ్య,
మట్టం కోసం చూస్తూ.